బ్రెజిల్ పెద్దమనిషీ, మా అప్పగింతల పాటా

బ్రెజిల్ దేశంలో పుట్టి, ఏడు సింఫనీలు రాసి, వాటిలో ఒక్కదాన్ని కూడా జనం చివరిదాకా కూర్చుని వినకుండానే పోయిన ఒక పెద్దమనిషిని నేను మూడు నెలల పాటు తిట్టుకుంటూ బతికాను. ఆయన నా మొహం చూసినవాడు కాదు. మల్కాపురం అని ఒక చోటు ఉందని కూడా ఆయనకు తెలిసి ఉండదు. అయినా పొద్దున్నే పళ్లు తోముకుంటూ మొదలుపెట్టి, రాత్రి కంచం కడిగేదాకా ఆయన మీద నా లోపల సణుగుడు సాగుతూనే ఉండేది. ఎందుకో చెప్తాను.

మాది బ్యాండు మేళం. మా నాన్న పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇద్దరమూ క్లారినెట్టు వాళ్లమే. నాన్నకు ఎనభై దాటాయి. ముందు పళ్లు ఊడిపోయాక వాయించడం మానేశాడు, ఎందుకంటే పళ్ల ఆనిక లేకపోతే క్లారినెట్టు నోట్లో నిలవదు. ఇప్పుడు ఆయన పనల్లా సాయంత్రం వీధరుగు మీద పక్కింటివాళ్లతో పులీ మేకా ఆడటం, ఓడిపోతే అవతలివాణ్ణి దొంగాట ఆడావని దబాయించడం.

మా మేళానికి పేరు తెచ్చింది ఒకే ఒక్క పాట. మాటలు లేవు, వట్టి వరస. అప్పగింతల పాట అంటారు మా వైపు. పెళ్లికూతుర్ని కారెక్కించే వేళకి ట్రంపెట్లూ డ్రమ్ములూ అన్నీ ఆగిపోతాయి. క్లారినెట్టు ఒక్కటే అందుకుంటుంది. అంతా పొడుగాటి ఊపిరి మీద నడిచే వరస. మెట్టుమెట్టుగా పైకి పోతుంది, ఇంకా పైకి పోతుంది, అక్కడ ఒక స్వరం దగ్గర ఠక్కున ఆగిపోతుంది. కిందికి దిగదు. అది ఆగగానే పెద్ద డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడుతుంది, కారు తలుపు వేస్తారు, బండి కదులుతుంది. మల్కాపురం నుంచి గాజువాక దాకా నలభై ఏళ్లుగా ఇదే ఆనవాయితీ. అంతవరకూ బిగబట్టుకున్న తండ్రులు కూడా ఆ దెబ్బకి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. డీజేలు వచ్చి మా నోట మట్టి కొట్టాక కూడా, ఆ ఒక్క పాట కోసం మమ్మల్ని పిలిచేవాళ్లు పిలుస్తూనే ఉన్నారు.

పాట కట్టింది మా నాన్న అని నేను మేళం పగ్గాలు పట్టిన ఏడాదే కార్డుల మీద అచ్చు వేయించాను. 'అప్పగింతల పాట సృష్టికర్త' అని నాన్న పేరు ముందర, బంగారు రంగు అక్షరాల్లో. పాట అలా మధ్యలో ఆగిపోతుందేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్లిపోవడానికి ముగింపు ఉండదండీ. అందుకే మా నాన్న ఆ పాటకి ముగింపు పెట్టలేదు." ఈ మాట నాన్న చెప్పింది కాదు, నేను అల్లింది. చాలా బాగా అల్లానని నా నమ్మకం. యూట్యూబు ఛానెలు వాళ్లు వస్తే వాళ్లకీ ఇదే చెప్పాను, గొంతు కొంచెం వణికించి మరీ చెప్పాను.

ఆ జ్యేష్ఠమాసంలో గాజువాక దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. ఆ హాళ్ల గురించి ఏం చెప్పాలి. గుమ్మం దగ్గర ప్లాస్టరు ఏనుగులు, లోపల పొగ చిమ్మే యంత్రం, వధూవరులు ఆ పొగలోంచి దగ్గుకుంటూ నడిచి రావడం. సన్నాయి పాట కూడా పెన్‌డ్రైవులోంచే వస్తుంది. నన్ను మాత్రం ఆ చివరి ఐదు నిమిషాల కోసం గోడ పక్కన నిలబెట్టారు. నా ఎర్రకోటు వాళ్ల పూల అలంకరణకి నప్పలేదని ఫోటోగ్రాఫరు రెండుసార్లు పక్కకి జరగమన్నాడు. జరిగాను. నా వేళ వచ్చింది, వాయించాను, పెళ్లికూతురి తల్లి సొమ్మసిల్లినంత పని చేసింది, కారు వెళ్లిపోయింది.

క్లారినెట్టు విప్పి తుడుస్తుంటే పెళ్లికొడుకు మేనమామ నా దగ్గరకొచ్చాడు. సబ్బవరం ఆయన, ఓడల మీద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడట. చేతికి లావుపాటి గడియారం, మొహం నిండా ప్రపంచమంతా చూసొచ్చానన్న ధీమా.

"మాస్టారూ, ఈ ట్యూన్ మీకెలా తెలుసండీ?"

"మా నాన్నగారు కట్టిందండీ."

ఆయన నవ్వాడు. వెక్కిరింపుగా నవ్వలేదు గానీ, ఆ క్షణంలో నాకు వెక్కిరింపులాగే తగిలింది. "కాదండీ, ఇది బ్రెజిల్‌ది. ఇనుప ఖనిజం లోడింగుకి ఇరవై ఏళ్లు ఆ పోర్టులకి తిరిగాను. అక్కడ హోటల్ లిఫ్టులో ఇదే, పళ్ల డాక్టరు దగ్గర ఇదే. ఉండండి, చూపిస్తాను."

ఫోను తీసి చూపించాడు. నల్లకోట్ల వాళ్లు ఓ అరవై మంది, వయొలిన్లూ గియొలిన్లూ. మధ్యలో ఒక బట్టతలాయన లేచి నిలబడి క్లారినెట్టు అందుకున్నాడు. మా నాన్న పాట. అవే మెట్లు, అవే ఊపిర్లు, ఆ పైస్వరం మీద అదే నిలుపు. తేడా ఒక్కటే: మా పాట ఆగిన చోట ఆ పాట ఆగలేదు. ఇంకా ఏదో వాయించుకుంటూ పోయాడు. నాకు తలకొట్టేసినట్టయింది. మిగతాది వినకుండానే ఫోను ఆయన చేతిలో పెట్టేశాను.

"మీ నాన్నగారు ఉన్నారా? ఓసారి వచ్చి కలుస్తానండీ. ఒరిజినల్ వినిపిస్తే చాలా సంతోషిస్తారు," అన్నాడు.

సంతోషిస్తారట! "ఆయనకి ఒంట్లో బాగోలేదండీ, గుండె. ఎవరినీ కలవనివ్వద్దన్నారు డాక్టర్లు," అన్నాను. ఆ వేళకి మా నాన్న అరుగు మీద కూర్చుని ఎవడి మేకనో మింగుతూ ఉండి ఉంటాడు. పోనీ వీడియో అయినా పంపుతానంటూ ఆయన నా నంబరు తీసుకుని పంపించాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

అక్కడితో అయిపోతే ఏదోలా దులిపేసుకునేవాణ్ణి. నాలుగు రోజులు తిరక్కుండానే మా బ్యాండు కళాకారుల సంఘం అధ్యక్షుడు ఫోను చేశాడు.

"బావా, మీ నాన్నకి సన్మానం ఖాయం సేసినాం. ఆటోనగర్ కాడ కల్యాణమండపం. భాద్రపదంలో నిమజ్జనాలు అయిపోయినాక ఎట్టుకుందాం. ఏటంటావ్?"

"పితృపక్షాల్లో సన్మానమేంటి బావా?"

"మనోలకి కాళీ అప్పుడే కదేటి! 'స్వరకర్త' అని బిరుదు ఇత్తన్నాం. జిల్లాలో బ్యాండోలందరూ వత్తారు."

ఈ సన్మానం కోసం ఆయన చుట్టూ రెండేళ్లు తిరిగింది నేనే. ఎవడెవడికో శాలువాలు కప్పుతున్నారు, పాట కట్టిన మనిషికి ఏదీ అని ప్రతి మీటింగులోనూ లేచి గొడవ చేసింది నేనే. ఇప్పుడు వద్దంటే ఏమని వద్దనాలి? ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచీ నాకు నిద్రా తిండీ సరిగ్గా లేవు. ఆ రోజు సభలో ఎవడో ఒకడు లేచి ఆ వీడియో చూపిస్తే, ఎనభై ఏళ్లు పరువుగా బతికిన మా నాన్న అంతమంది మేళగాళ్ల ముందర శాలువాతో సహా దొంగ అవుతాడు. నా భయమంతా అదే.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, మేళం మూలన పడింది. మా వాళ్లలో సగం మంది వెల్డింగు షాపుల్లోనూ లోడింగు పనుల్లోనూ చేరిపోయారు. నేను మాత్రం శత్రువు చరిత్ర చదువుతూ కూర్చున్నాను. ఇంటర్నెట్టులో ఆయన గురించి పేజీలకు పేజీలున్నాయి. ఫోనే వాటిని తెలుగులోకి మార్చి పెడుతుంది, తిన్నగా కాకపోయినా అర్థమయ్యేలాగే. పైగా ముసలితనంలో ఆయనిచ్చిన గంటన్నర ఇంటర్వ్యూ కూడా ఉంది. కింద పడే అక్షరాల్ని ఆపి చదువుకుంటూ దాన్ని ముక్కలు ముక్కలుగా చూశాను. ఏదో ఒక చోట వీడి బండారం బయటపడకపోతుందా అని నా ఆశ.

ఆయన పుట్టింది సముద్రానికి బాగా దూరంగా, ఇనుపకొండల మధ్య ఒక చిన్న ఊళ్లో. తండ్రి రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా, ఆదివారాలు ఊరి బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టేవాడు. అక్కడ చిన్న చిన్న ఊళ్లకి కూడా సొంత బ్యాండు ఉంటుందట, చర్చి పండగలకీ శవయాత్రలకీ వాళ్లే దిక్కట. ఏడేళ్ల వయసులో ఈయన చేతికి క్లారినెట్టు ఇచ్చి తండ్రి కోటే కత్తిరించి తొడిగారు. ఇక్కడిదాకా చదివాక కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. పరాయివాడైతే పోనీలే అనుకోవచ్చు. తోటి మేళగాడై ఉండి మా కొంప ముంచుతాడా!

పదిహేడేళ్లకి ఊరంతా కలిసి ఈయన్ని రాజధానికి సాగనంపింది, గొప్ప విద్వాంసుడై తిరిగొస్తాడని. తిరిగి రాలేదు. రాజధాని నుంచి ఫ్రాన్సుకి పోయాడు, అక్కడ అయిదేళ్లుండి ఒక గడ్డమూ ఒక సింఫనీ తెచ్చుకున్నాడు. ఆ సింఫనీ మొదటిసారి వాయించిన రోజు ఇంటర్వెల్‌కి బయటికెళ్లినవాళ్లలో సగం మంది మళ్లీ లోపలికి రాలేదట. దానికి ఈ మహానుభావుడు ఏం చేశాడు? జనం చెవులు ఇంకా ఎదగలేదని పేపర్లో ఉత్తరం రాశాడు. మేం వాయిస్తుండగా జనం లేచిపోతే తప్పు మాది. మర్నాడు ఇంకో పాట నేర్చుకుంటాం. ఈయన మాత్రం జనాన్నే మార్చాలంటాడు. రెండో సింఫనీకి నూట ఇరవై మంది వాయిద్యగాళ్లు కావాలని రాశాడు. రాజధానిలోనే అంతమంది లేరు, అందుకని అది చాలాకాలం పెట్టెలోనే ఉంది. ఉన్న మనుషుల్ని చూసుకుని పాట కట్టుకోవాలని కూడా తెలియని వాడిని పట్టుకుని మేధావి అని రాశారు.

తర్వాత వాళ్ల దేశంలో సైనిక ప్రభుత్వం వచ్చింది. వాళ్లు ఒక మార్చింగు పాట కావాలని అడిగితే ఈయన రాసిచ్చాడు. ముసలివాడయ్యాక ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎత్తితే కాసేపు నీళ్లు నమిలి, "అందులో ఒక స్వరం కావాలనే తప్పుగా పెట్టాను, అదే నా తిరుగుబాటు," అన్నాడు. నేను పగలబడి నవ్వాను. మా సైడు డ్రమ్ము వాడు మందు కొట్టి వచ్చిన రోజున ఇలాంటి తిరుగుబాట్లు డజను చేస్తాడు. ఆ తప్పుడు స్వరం సైనికాధికారులకి వినపడిందో లేదో తెలీదు గానీ, రెండేళ్ల తర్వాత ఇంకెందుకో ఈయన మీద అనుమానం వచ్చి దేశం వదిలి పొమ్మన్నారు. పదకొండేళ్లు ఎక్కడో మంచు దేశంలో పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికాడు. ఆ పదకొండేళ్లలో ఇంకో మూడు సింఫనీలు రాశాడు. ఆ మూడింటి గురించీ చెప్పుకోవడానికి ఏమీ లేదని ఆయన్ని పొగుడుతూ రాసినవాళ్లే ఒప్పుకున్నారు.

తిరిగొచ్చాక ఒక నది కథతో సంగీత నాటకం కట్టాడు. అయిదు గంటలు. అందులో నిజమైన పడవలు ఉండాల్సిందేనని పట్టుబట్టి చేయించాడు. తీరా చూస్తే అవి నాటకశాల తలుపుల్లోంచి పట్టలేదు. ఓడరేవు ఊరివాణ్ణి కదా, నాకు ఆ సంగతి చదివి కడుపు నిండిపోయింది. మా జాలరి పేటలో ఎవడినడిగినా కొలిచి చెప్పేవాడు. రెండు ఆటలతో ఆ నాటకం మూలపడింది. అందులో ప్రధాన పాత్ర వేయాల్సినావిడ ఆయన రెండో భార్య. రిహార్సలు మధ్యలో లేచి వెళ్లిపోయిందంటే, ఆవిడ తప్పేమీ లేదనిపించింది.

ఇక మా పాట సంగతి. ఈ పెద్దమనిషి పేరు ఈనాటికీ నిలిచిందంటే ఆ ఒక్క ముక్క వల్లే. అది కూడా మనసు పెట్టి రాసింది కాదట. మంచు దేశంలో ఉండగా ఒక శిష్యుడికి ఊపిరి నిలిచేది కాదు. వాడికి సాధన కోసం ఒక మధ్యాహ్నం కూర్చుని ఈ వరస రాసిచ్చాడు. శిష్యుడు అది ఎక్కడో వాయించాడు, అక్కడి నుంచి రేడియోకి ఎక్కింది. వయొలిన్లు తర్వాత చేర్చారు. సింఫనీలు మూలపడ్డాయి, ఊపిరి సాధన దేశాలు తిరిగింది. లిఫ్టుల్లో, టీవీ సీరియళ్లలో, ఓడల మీద రేడియోల్లో అదే. ఆయనకేమో దానిమీద కసి. ఇంటర్వ్యూ చివర్లో ఆ పాట గురించి చెప్పమని ప్రశ్నలడుగుతున్న అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగితే, మైకు లాగేసి లేచి వెళ్లిపోయాడు. కూడు పెట్టిన బిడ్డని బిడ్డ కాదన్నాడు. మల్కాపురంలో ఎన్ని వందల మంది ఆడపిల్లలు ఆ పాట వింటూ అత్తారింటికి పోయారో వీడికేం తెలుసు! ఈ పాటకి మా నాన్న చేసిన మర్యాదలో పదోవంతు కూడా కన్నవాడు చెయ్యలేదు.

ఒక్కోసారి బుర్ర మరీ పెడదారి పట్టేది. ఓడవాళ్లు పాటల్ని మోసుకుపోతారు కదా, మా పాటే ఇక్కడి నుంచి అక్కడికి ఎందుకు పోకూడదు? రెండు రోజులు ఈ ఊహతో హాయిగా బతికాను. తర్వాత లెక్క చూస్తే, ఆయన ఆ పాట రాసేనాటికి మా నాన్న ఇంకా మేళమే పెట్టలేదు. దాంతో నాకు మిగిలిన ఏకైక ఆయుధం ఆ పాట చివరి భాగం. ఆ భాగాన్ని ఒకే ఒక్కసారి, పళ్లు బిగబట్టుకుని విన్నాను. పైస్వరం మీద ఆగాక మా పాటలాగా ఊరుకోకుండా, మెల్లిగా ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి మొదలైన చోటే కూర్చుంటుంది. చూశావా, పాడు చేశాడు అనుకున్నాను. మా నాన్న తెగించి ఆపిన చోట వీడు ధైర్యం చాలక కిందికి దిగిపోయాడు. ఈ వాదన నాకు తెగ నచ్చింది. ఎవడైనా అడిగితే ఇదే చెప్పాలని రెండు మూడుసార్లు అద్దం ముందర అనుకుని చూసుకున్నాను కూడా.

ఇంత చదివినవాణ్ణి, ఇంట్లోనే అరుగు మీద ఉన్న మా నాన్నని మాత్రం, ఈ పాట నీకెలా వచ్చింది నాన్నా అని ఒక్కసారి కూడా అడగలేదు. చిన్నప్పుడు అడగాల్సిన పని పడలేదు. ఇప్పుడు అడగడానికి ధైర్యం చాల్లేదు. దొంగిలించానంటే నేనేం చెయ్యాలి? భోజనాల దగ్గర ఆయన మొహం చూడకుండా తినడం అలవాటు చేసుకున్నాను. శ్రావణంలో ఆ సబ్బవరం ఆఫీసరు మళ్లీ ఫోను చేసి, సన్మానం సంగతి ఎవరో చెప్పారు, తప్పకుండా వస్తాను, తేదీ చెప్పండి అన్నాడు. అసలు రోజుకి వారం తర్వాతి తేదీ చెప్పాను. ఎంతో వినయంగా చెప్పాను, దయచేసి తప్పకుండా రండి అని కూడా అన్నాను.

సన్మానం రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకని అచ్చువేసి నాలుగున్నరకి మొదలుపెట్టారు. రెండు వందల మంది దాకా బ్యాండువాళ్లు, అందరూ నలిగిపోయిన చొక్కాల్లో. యూనిఫారాలు లేకపోతే మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరని ఆ రోజే తెలిసింది. స్టేజి మీద ఒక స్థానిక నాయకుడు మైకు వదలడు. సంగీతమంటే తనకెంత ప్రాణమో అరగంట చెప్పాడు. అందులో సంగీతం ఊసు రెండు నిమిషాలు కూడా లేదు. నాన్న తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో ఒద్దికగా కూర్చున్నాడు. నేను వెనక నిలబడి తలుపు వైపే చూస్తున్నాను, ఆ లావుపాటి గడియారం ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

అధ్యక్షుడు లేచి సన్మానపత్రం చదివాడు. 'ఉత్తరాంధ్ర పెళ్లిళ్లకు కన్నీటి గీతాన్ని ప్రసాదించిన స్వరకర్త', 'అప్పగింతల పాట సృష్టికర్త', 'ముగింపు లేని వీడ్కోలుకు ముగింపు లేని పాట కట్టిన మేధావి'. ఆ చివరి ముక్క నా దగ్గర ఎత్తుకుపోయిందే. నాన్న చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. విని అధ్యక్షుడి మోచెయ్యి పట్టుకుని లాగాడు.

"ఏటిది? ఎవులు కట్టినారంటన్నావ్?"

"నువ్వే కదేటి మావా, అప్పగింతల పాట!"

"ఎవులు సెప్పినారు నీకు?"

అధ్యక్షుడు నవ్వి నా వైపు చూపించాడు. "మీవోడే. పాతికేళ్ల బట్టీ మీ కార్డు మీద ఉందిగా మావా, సదవనేదేటి?"

మా నాన్నకి చదువు రాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లెవరూ లేరు. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. ఏదో వస్తువు ఎక్కడ పెట్టాడో గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలాగా చూశాడు. తర్వాత మైకు అడిగి తీసుకున్నాడు.

"ఆ పాట నాను కట్నేదు," అన్నాడు. "పోర్టు గేటు కాడికి ఓడ వంటోడు ఒకడొచ్చేవోడు, సేపలు కొనడానికి. ఏ దేశపోడో తెలవదు. ఆడికి సేపల బజారు సూపించినాను. ఎల్లిపోతా ఒక కేసెట్టు ఇచ్చినాడు. రేడియోలోది పట్టుకున్నట్టున్నాడు. ఒక పక్క సివర్న ఈ పాటుంది. బాగుంది కదాని పట్టినాను. పాట సగంలోకొచ్చేసరికి టేపు అయిపోనాది. తిరగేత్తే ఏదో ఏరే పాట. ఉన్నకాడికే వాయించినాను. ఆగిపోనాక ఏం సెయ్యాలో తెలవక మావోడు డ్రమ్ము మీద ఒకటేసినాడు. అప్పుడున్న మేళపోలందరికీ తెలుసు ఇది. ఆలెవులూ ఇప్పుడు నేరు."

రెండు వందల మంది గొల్లున నవ్వారు. ఎగతాళిగా కాదు. సంబరంగా. చప్పట్లు కొట్టారు, ఒకడు ఈల వేశాడు. మేళగాళ్లలో ఎవడు సొంత పాట వాయించి బతికాడు గనక! నేను మూడు నెలలు గుండెల్లో మోసిన పరువు వీళ్లకి ఒక్క నవ్వుకి సరిపోయే ముచ్చట. అధ్యక్షుడు శాలువా పట్టుకుని ఇబ్బందిగా నిలబడితే, "కప్పీ. వాయించినాను కదేటి," అన్నాడు నాన్న. దానికి ఇంకోసారి చప్పట్లు పడ్డాయి.

ఆయన మైకు మాత్రం వదల్లేదు. "తరవాత ఏటుందో తెలవాలని శానా ఏళ్లు తిరిగినాను," అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది. "ఓడోలు కనబడితే సాలు, నోటితో పాడి సూపించి ఇది తెలుసా అని అడిగేవోణ్ణి. నవ్వీసి ఎల్లిపోనారు. పాట పైకెల్లినాక దిగాల కదా. ఎలాగ దిగినాడో అని. పడుకుంటే అదే. నానే ఎన్నోసార్లు దింపి సూసినాను, కుదర్నేదు." ఇక చాలన్నట్టు మైకు పక్కవాడి చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

నా జేబులో ఫోను ఉంది. అందులో ఆ దిగే భాగం ఉంది. ముగింపు లేని పాట అని ఊరంతా చాటింది నేను. ముగింపు కోసం ఆయన పోర్టు గేటు దగ్గర దేశదేశాల వాళ్లని అడుక్కుంటుంటే, అది దొరికిన రోజున దాచేసింది కూడా నేనే. ఆ బ్రెజిల్ ముసలాయన మీద తిట్టిన తిట్లన్నీ నాకే సరిగ్గా సరిపోయాయి. ఆయన కనీసం తప్పుడు స్వరం ఒక్కటే పెట్టాడు.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. ఒళ్లో జ్ఞాపిక, భుజాల మీద శాలువా. రిఫైనరీ రోడ్డు మీద లారీలు అడ్డంగా ఉండి ఆటో ఆగిపోయింది. ఇంజను ఆపేయమని డ్రైవరుకి చెప్పి, ఫోను తీసి నాన్న చెవికి పెట్టాను. నాలుగు స్వరాలు వినగానే ఆయన వేళ్లు జ్ఞాపిక మీద కదలడం మొదలుపెట్టాయి, ఎక్కడెక్కడ మూయాలో ఎక్కడెక్కడ తెరవాలో అన్నీ సరిగ్గా. పైకి పోయింది. ఆ స్వరం దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి. పాట ఆగలేదు. దిగడం మొదలుపెట్టింది. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒక్కో మెట్టుకీ తల ఆడించాడు. అంతా అయిపోయాక, మళ్లీ పెట్టమన్నట్టు చెయ్యి చూపించాడు. మూడుసార్లు విన్నాడు. మూడోసారి వేళ్లు చివరిదాకా వెళ్లాయి.

"అదీ," అన్నాడు. "అలాగ దిగినాడా." కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "ఎవులిచ్చినారిది?" అని అడిగాడు.

"జ్యేష్ఠంలో గాజువాక పెళ్లిలో ఒకాయన పంపాడు నాన్నా."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు, ఆషాడం, శ్రావణం, బాద్రపదం అని పైకే అనుకుంటూ. నేను తొందరగా, "నీకు మాటొస్తుందేమోనని దాచాను," అన్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టాడు. ముందున్న లారీ కదిలింది, డ్రైవరు ఇంజను వేశాడు. ఆ చప్పుడులో ఆయన గొంతు పెంచి అడగాల్సి వచ్చింది.

"మూడు నెల్లు దాసినావా? నాకింకా ఎన్ని నెల్లున్నాయనుకున్నావురా?"